గంప దించే వీధి

పోయిన నెల మా చెల్లెలి కూతురు లావణ్య బ్యాంకు ఉద్యోగంలో చేరడానికి రాజమండ్రి వచ్చింది. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "మావయ్యా, ఏ పేటలో ఇల్లు తీసుకోమంటారు?" అని అడిగింది. ఇలాంటి ప్రశ్న నన్ను అడిగేవారికి తొందర ఉండకూడదు. ఉద్యోగకాలమంతా ధవళేశ్వరంలో ఒక డ్రాయింగ్ ఆఫీసులో కాలువల వాలూ నీటి మట్టాలూ గీస్తూ గడిపినవాణ్ణి. దూరం, మట్టం, పట్టే సమయం, ఈ మూడూ తేలకుండా ఏ స్థలం గురించీ మాట్లాడలేను. బ్యాంకుకు నడిచి వెళ్ళగల వీధులేవో, వానకు నీళ్ళు నిలిచే వీధులేవో, కుళాయి తెల్లవారుజామున వచ్చేదెక్కడో, పొద్దెక్కాక వచ్చేదెక్కడో వరసగా చెబుతున్నాను. అమ్మాయి తల ఊపుతూనే ఫోనులో ఇళ్ళ బొమ్మలు చూస్తోంది. ఇంతలో ఆ ఫోనే మోగింది. ఇళ్ళు చూపించే బ్రోకరు. నాకూ వినబడాలని స్పీకరు పెట్టింది.

"మేడమ్ గారూ, మీరడిగిన ఏరియాలోనే దొరికిందండి. ఫస్ట్ ఫ్లోరు, గాలీ వెలుతురూ బ్రహ్మాండం. బ్యాంకుకి ఇలా వెళ్ళి అలా వచ్చేయొచ్చండి. ఓనరు గారు చాలా మంచోరండి. ఒక్క చిన్న మాట అడగమన్నారు, ఏమనుకోకండి. మీరు నీసు తింటారా అండి?"

లావణ్య రెప్ప కూడా వెయ్యకుండా, "తినమండీ" అంది.

ఫోను పెట్టేశాక నా ముఖం చూసి నవ్వింది. "అబ్బా మావయ్యా, అందరూ చెప్పేదే ఇది. తినాలనిపిస్తే బయట తినేస్తాం. ఆఫీసు పక్కనే ఇల్లు! మీరే కదా ఇంతసేపూ దూరం దూరం అన్నారు?" నేను లేచి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు గారు ప్రతిసారీ నా రక్తపోటు అంకె చూపించి మరీ చెబుతారు. ఆ అంకెను నేను నమ్ముతాను. నా కోపాన్ని కూడా అంతే నమ్ముతాను. రెండూ కొలిచి చూసినవే.

మా జిల్లాల్లో చేపనూ మాంసాన్నీ కలిపి నీసు అంటారు. నిఘంటువులో నీచు అని ఉంటుంది. దానికి ఆనుకునే నీచుడు, నీచము అన్న మాటలు కూర్చుని ఉంటాయి. ఈ రెండింటికీ చుట్టరికం ఉందో లేదో భాష తెలిసినవారు తేల్చాలి. ఇల్లు అద్దెకిచ్చేవారు మాత్రం నా చిన్న వయసులోనే తేల్చేశారు. ఆ సంగతి జరిగిన తారీఖు నాకు తెలుసు. ఇక్కడ రాయను. రాస్తే అది ఏదో ఒక్క రోజు జరిగిపోయిన విషయంలా కనబడుతుంది.

నాకు ఉద్యోగం వచ్చిన తొంభైల తొలి రోజుల్లో మా అమ్మ ఇంకా గంప మోస్తోంది. మాది కోటిపల్లి దగ్గర ఏటిగట్టు కింద ఇల్లు. నాన్న పోయాక వల తాతయ్య చేతికి మళ్ళీ వచ్చింది, గంప అమ్మ నెత్తి మీదికి వచ్చింది. వేకువనే పడవలు ఒడ్డుకు చేరేసరికి అమ్మ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి నిలబడేది. పాత చీర చింపి బిగించి చుట్టిన చుట్టకుదురు నడినెత్తిన పెట్టుకుని, దాని మీద గంప ఎత్తించుకుని, మొదటి బస్సుకు రామచంద్రపురం వెళ్ళేది. తూర్పుగాలి తిరిగే రోజుల్లో చీరమేను పడితే అదొక పండుగ. వెంట్రుకంత చేపపిల్లలను గ్లాసుతో కొలిచి పోసేది, గ్లాసు మీద వేలు ఆనించి తలకొట్టి కొలత తగ్గించడం ఆమెకు చేతకాదు. మధ్యాహ్నం తిరిగి వచ్చాక గంపకు సున్నం రాసి, చింతపండు పిప్పితో తోమి, కంచె మీద బోర్లించి, ఆ తరువాత తనకు తాను సున్నిపిండి రాసుకుని స్నానం చేసి, పసుపు ముఖంతో వచ్చి మాకు అన్నం వడ్డించేది. మా ఇంటి వాసన ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తుకొచ్చేది తడి సున్నం వాసన, తరువాత తాతయ్య కాలి బొటనవేలికి తగిలించుకుని అల్లే నైలాను దారం వాసన. చేపల వాసన మూడోది.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. నిండు గంపను ఎవరూ ఒంటరిగా దించుకోలేరు. ఎత్తడానికి ఒకరు, దించడానికి ఒకరు కావాలి. అందుకని చేపలమ్మే ఆడవాళ్ళు గుమ్మం ముందు ఆగాక ముందుగా పలికే మాట బేరం కాదు, "ఓ చెయ్యి వెయ్యండమ్మా" అన్నది. ఇంటావిడ వచ్చి ఒక పక్క పట్టుకుంటే గంప నేలకు దిగుతుంది. అప్పుడు చూపించడాలూ, ధర విని ముక్కు విరవడాలూ మొదలవుతాయి. ఎవరూ రాకపోతే గంప నెత్తిన ఉండగానే తరువాతి గుమ్మానికి నడవాలి. అలా నడిచి నడిచి మా అమ్మ మెడ ఎముకలు అరిగిపోయాయి. రాజమండ్రి ఆసుపత్రిలో చూపిస్తే, ఇక బరువన్నది మొయ్యకూడదనీ, వారం వారం వచ్చి మెడకు వైద్యం చేయించుకోవాలనీ చెప్పారు.

"నువ్వు ఇల్లు చూసిన రోజున గంప దించేస్తానురా అబ్బాయ్" అంది అమ్మ. "ముందే దించితే తాతకి తిండెవరు పెడతారు? నీ జీతంతో నువ్వు అక్కడ గదికి కట్టి, ఇక్కడికి పంపి, రెండు పొయ్యిలు వెలిగిస్తావా?" తాతయ్యను చెల్లెలి అత్తవారు తమ దగ్గర పెట్టుకుంటామన్నారు, అమ్మ నా దగ్గరికి రావాలి. అంటే నేను ఇల్లు వెతకడం ఆలస్యమైన ప్రతి వారమూ ఆ అరిగిన మెడ మీద గంప ఉంటుంది. శనివారం సాయంత్రం నేను ఊరికి వెళితే చుట్టకుదురు తీస్తూనే అడిగేది, "దొరికిందా?" అని.

ధవళేశ్వరంలో నలుగురు కుర్రాళ్ళతో ఒకే గదిలో ఉండేవాణ్ణి. ఆఫీసు అక్కడ, ఆసుపత్రి రాజమండ్రిలో. మధ్య దూరం ఏడెనిమిది కిలోమీటర్లు. నేను ట్రేసింగు కాగితం మీద రాజమండ్రి గీసుకుని, ఆఫీసు నుంచి ఒక వృత్తం, ఆసుపత్రి నుంచి ఒక వృత్తం గీసి, రెండూ కలిసిన చోట రంగు వేశాను. ఇల్లు ఆ రంగులోనే ఉండాలి. సైకిలు మీద వీధి వీధీ తిరిగాను. మా వైపు దూరం అడిగితే ఎవరూ అంకె చెప్పరు. "ఎంతండి, ఇక్కడే" అంటారు. ఆ ఇక్కడే అన్నది పావు మైలు కావచ్చు, ఊరవతల కావచ్చు. అందుచేత వాచీ చూసుకుంటూ తొక్కేవాణ్ణి. లాలాచెరువు వైపు హైవే దగ్గర ఒక ఇల్లు ఖాళీగా ఉందని తెలిసి బయటి నుంచి చూశాను కాని, అది వృత్తానికి చాలా బయట, ఊరికి ఆ చివర. కొట్టేశాను. చివరికి రంగు వేసిన చోట, దాదాపు నడిమధ్యన, ఒక వాటా దొరికింది. ఆ పేట పేరు రాయను. ఆ వీధిలో ఈనాడు ఉంటున్నవారికి ఏ పాపమూ తెలియదు.

ఇంటాయన పొలాలున్నవారు, పెద్దమనిషి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, ఇంటి పేరు అడిగారు. చెప్పాను. మా ఇంటి పేరు ఈ జిల్లాలో మూడు కులాల్లో ఉంది. ఆయన తనకు కావలసిన కులాన్ని అందులోంచి తీసుకుని, "ఓహో, అలాగా!" అని నవ్వారు. "మరింకేమండీ, మనింట్లోకి మనమే వచ్చినట్టు!" లోపల వంటింట్లో మామిడికాయ వేసిన చేపల పులుసు కాగుతోంది. ఆ వాసన నాకు ఎంత ధైర్యం ఇచ్చిందంటే, ఇక అడగవలసినది ఏమీ లేదనుకున్నాను. అరుగు మీద ఒక బూడిదరంగు పిల్లి పడుకుని ఉంది. వచ్చే ఆదివారం సామానుతో వస్తామని చెప్పి వచ్చేశాను.

ఆ ఆదివారం అమ్మ గంప తెచ్చింది. ఎందుకని అడిగితే, "సామానుకి వేరే ఏముందిరా మనకి?" అంది. రెండు రోజులు సున్నం పెట్టి తోమి ఎండబెట్టిన గంప. అందులో బియ్యం, రాగి చెంబు, దేవుడి పటం, నాలుగు చీరలు. బరువు మొయ్యవద్దని నేనంటే, "ఇదే ఆఖరు, అక్కడ దించాక మళ్ళీ ఎత్తను" అంది. ఆ వీధి మొగలో పైపుల కోసం తవ్వారు, రిక్షా లోపలికి పోలేదు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. నేను రిక్షాలోంచి ట్రంకుపెట్టె దింపుకుని భుజాన వేసుకుని వెనుక వెళ్ళాను.

గేటు దగ్గర ఆగి అమ్మ, ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన మాట అనేసింది. "ఓ చెయ్యి వెయ్యండమ్మా!"

నేను చేరేసరికి ఆమె ఎండలో గంపతో నిలబడే ఉంది. అరుగు మీద ముగ్గురున్నారు. ఇంటాయన చేతిలో పేపరు. ఇంటావిడ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. వారి కోడలు గడప మీద ఆగిపోయింది. ముగ్గురూ చుట్టకుదురునే చూస్తున్నారు. ఎవరూ కదలలేదు. నేను పెట్టె కింద పడేసి గంప దించాను.

"ఏంటండీ ఇది?" అన్నారు ఇంటాయన. కేక వెయ్యలేదు. మా జిల్లాల్లో మనిషిని గేటు బయటకు గెంటేటప్పుడు కూడా అండీ అంటారు. "మీరు చెప్పనే లేదు కదండీ."

"ఏం చెప్పాలండి? మా అమ్మగారు వస్తారని చెప్పాను కదా."

"అది కాదండి. అమ్మగారి... వ్యాపారం గురించండి. మీ మీద మాకు గౌరవమేనండి. గౌరవం ఎక్కడికి పోతుంది? కానీ ఇంట్లో నీసు వాసన..."

"ఆ రోజు మీ ఇంట్లో చేపల పులుసు ఉడుకుతోంది కదండీ!"

"తినడం వేరండి" అన్నారాయన, పిల్లవాడికి ఎక్కం చెప్పినంత ఓపికగా. "నెత్తిన మొయ్యడం వేరు."

అమ్మ గంప పైన కప్పిన గుడ్డ తీసి చూపించింది. "బియ్యం బాబూ. చీరలు. గంప సున్నం పెట్టి తోమాను. ఇక మళ్ళీ మొయ్యను కూడాను."

"ఎంత కడిగినా ఆ వాసన పోదమ్మా" అన్నారు ఇంటావిడ, మెల్లగా, దగ్గరవాళ్ళకు మంచి చెప్పినట్టు.

అప్పుడు మా అమ్మ అరుగు మీదికి చూసింది. బూడిదరంగు పిల్లి ఎప్పటిలాగే పడుకుని ఉంది. ఒక చెవి అయినా కదపలేదు. "మీ పిల్లికి రాని వాసన మీకొచ్చిందా తల్లీ?" అంది అమ్మ. "పాపం, దాని ముక్కుకేదో అయినట్టుంది. చూపించండి." కోడలు నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది. ఇంటాయన పేపరు మడిచారు. అమ్మ నా వైపు తిరిగి, "ఎత్తరా" అంది. ఆఖరుసారి అనుకున్న గంపను, వైద్యుడు వద్దన్న మెడ మీదికి, నా చేతులతో నేనే ఎత్తాను. నా భుజాన పెట్టె ఉంది; వాళ్ళు అరుగు మీంచి చూస్తుండగా ఆ గంపను నేల మీద ఈడ్చుకుపోవడానికి ఆమె ఒప్పుకోలేదు.

రిక్షా ఆయన "ఎటండీ ఇక?" అని అడిగితే నా నోటికి వచ్చినది వృత్తానికి బయట కొట్టేసిన ఇల్లు. ఊరంతా దాటి లాలాచెరువు చేరాం. అక్కడ మెషిను కుట్టే ఒక ఆవిడ ముందు గదిలో తాను ఉంటూ వెనుక రెండు గదులు అద్దెకిచ్చేది. పేరు రత్నం. గుమ్మం ముందు నేను అమ్మ నెత్తి మీది గంప అందుకోబోతే, అమ్మ కళ్ళతోనే వారించింది. పొద్దున్న గేటు దగ్గర అలవాటుగా అన్న మాటను ఈసారి కావాలని, గొంతెత్తి అంది. "ఓ చెయ్యి వెయ్యండమ్మా!"

రత్నం గారు మెడలో టేపుతో, పెదవుల మధ్య గుండుసూదులతో బయటకు వచ్చారు. సూదులు జాకెట్టుకు గుచ్చుకుని, ఒక పక్క పట్టుకుని గంప దించారు. "అయ్యబాబోయ్, ఇంత బరువా! మెడ ఇరిగిపోద్దండీ పెద్దమ్మ గారూ." తరువాత గంప వంక, చుట్టకుదురు వంక చూశారు. "చేపలమ్ముతారా అండి?"

"అమ్మేదాన్ని" అంది అమ్మ.

"అయ్యో, మానేశారా? మాకిక్కడ మంచి ఏటి చేప దొరికి చావదండి."

ఆ ఇంట్లో అమ్మ తన మిగిలిన జీవితమంతా ఉంది. గంప మళ్ళీ ఎత్తలేదు. రత్నం గారు దాన్ని అడిగి తీసుకుని గుడ్డముక్కలు వేసుకునేవారు. ఆ వీధిలో పెళ్ళికూతుళ్ళ పట్టుజాకెట్లు ఆ గంప పక్కనే తయారయ్యాయి, కొన్ని అందులోనే మడతపెట్టి ఇళ్ళకు వెళ్ళాయి. వాసన వచ్చిందని ఒక్కరూ అనలేదు.

ఈ కథ ఇక్కడ ఆగితే దీన్ని మంచితనం గురించిన కథ అంటారు. ఆగదు. నేను ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి, అటుపైన ధవళేశ్వరానికి, ప్రతి పొద్దునా సైకిలు తొక్కాను. రైలు గేటు దగ్గర గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతూ నిలబడ్డాను. వానలో డ్రాయింగులను చొక్కా లోపల దాచుకుని తడిశాను. నేను చేరేసరికి చీకటి పడేది, అమ్మ ఒక్కతే తినేసి నాకు మూతపెట్టి ఉంచేది. ఆసుపత్రికి ఆమెను నేను తీసుకువెళ్ళలేక రత్నం గారు మెషిను ఆపి తీసుకువెళ్ళేవారు. ఆ ముగ్గురు అరుగు దిగకపోయినందువల్ల నా యౌవనంలోంచి రోజూ ఇంత అని కోత పడింది. లెక్క నాకు తెలుసు. దాన్ని ఎవరికి పంపాలో తెలియదు, అంతే.

పైగా ఆ దారి ఆ వీధి మీదుగానే పోతుంది. గేటుకు టు-లెట్ బోర్డు వానాకాలమంతా వేలాడుతూనే ఉంది. ఒకరోజు ఇంటాయన గేటు దగ్గర నిలబడి, నన్ను చూసి నిండుగా నవ్వారు. "ఏంటండీ, కనబడ్డమే మానేశారు! అమ్మగారు కులాసానా అండి?" ఆ గొంతులో ఎక్కడా కల్తీ లేదు; అదే నన్ను మండించింది. ఆయన దృష్టిలో ఆ రోజు జరగరానిదేదీ జరగనే లేదు. నేను ఒక కాలు నేలకు ఆనించి, "కులాసానండి. మీ పిల్లి కులాసానా?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "ఆయ్, బాగుందండి!" అన్నారు సంతోషంగా.

ఇదంతా ఆ సాయంత్రం లావణ్యకు చెప్పాను. పిల్లి దగ్గర పడీ పడీ నవ్వింది. అమ్మమ్మ గంప మోసిందని దానికి తెలుసు. దించడానికి చెయ్యి కావాలని తెలియదు. "నన్ను అబద్ధం చెప్పొద్దంటారా మావయ్యా?" అని అడిగింది చివరికి. ఆ మాట దానికే వదిలేశాను. రోజూ తిరగవలసినది అది, నేను కాదు. అప్పుడు ఇంటి పేరు అడిగి మోసేవాళ్ళను ఏరేవారు, ఇప్పుడు ఫోనులో తిండి అడిగి తినేవాళ్ళను ఏరుతున్నారు. ఊళ్ళో లిఫ్టులు వచ్చాయి. జల్లెడ మాత్రం మారలేదు.

వారం తరువాత ఫోను చేసింది. "బొమ్మూరు దాటాక ఒక ఇల్లు చూశాను మావయ్యా. ఆఫీసుకి రెండు ఆటోలు మారాలి."

"అడిగారా?"

"అడగలేదు. నేనే చెప్పేశాను, నీసు తింటామండీ అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నాకూ ఓ గిన్నెడు పంపు మరి, అంది."

సామాను చేర్చే రోజున నేనూ వెళ్ళాను. లావణ్య ఆటో దగ్గర ఉంది. నేను వంటసామాను పెట్టె ఒకటి ఎత్తుకుని మెట్ల దగ్గర ఆయాసంతో ఆగాను. పైనుంచి ఇంటావిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గబగబా దిగి వచ్చింది. "ఆగండి పెద్దాయనా, మీరొక్కరే ఎందుకండీ?" అంటూ రెండో పక్క పట్టుకుంది. పది మెట్లెక్కి పెట్టె గుమ్మంలో దించాం. ఆవిడ మళ్ళీ తన పనికి వెళ్ళిపోయింది. నేను కృతజ్ఞత చెప్పాలి, చెప్పాను. కానీ ఆ గుమ్మంలో నిలబడి పెట్టె వంక చూస్తే కోపం వచ్చింది. ఇంతేనా పని? ఒక పక్క పట్టుకోవడం, దించడం, వెళ్ళిపోవడం. ఆ ఆదివారం ఆ అరుగు మీద మూడు జతల చేతులున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మూడే.